అప్‌డేట్: చిట్టితోటలో జేడ్ మొక్కలు కుళ్లడానికి కారణం తెలిసింది

అమలాపురంలోని మా ఇంటి వరండాలో, అడుగు వెడల్పున్న మట్టి పళ్లెంలో పెంచుతున్న చిట్టితోటలో జేడ్ (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్క) ఆకులు పసుపుబారి రాలిపోతున్నాయని, కాండం మొదలు దగ్గర మెత్తబడుతోందని జూలైలో అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ఎండ చాలడం లేదన్న మాట విని పళ్లేన్ని మేడమీదికి మార్చినా, వేపనూనె చల్లినా ప్రయోజనం లేకపోయింది. వేళ్లు చూడమన్న సలహాయే నిజమైంది. కడియపులంకలో ఒక నర్సరీ పెద్దాయన మొక్కను పెకలించి, నల్లబడిన వేళ్లను చూపించి, "ఇది వరిచేలో మట్టి కదండీ, నీటిని వదలదు" అన్నారు. సారవంతమైనదని కాలువగట్టు ఒండ్రుమట్టిని తెచ్చి గర్వంగా నింపింది నేనే. పైగా పళ్లెం అడుగున ఉన్న ఒకే ఒక రంధ్రం అలంకారానికి వేసిన గులకరాయితో మూసుకుపోయింది.

కుళ్లిన భాగాన్ని కోసేసి, కొమ్మలను నాలుగు రోజులు నీడలో ఆరనిచ్చి, ముతక ఇసుక రెండు పాళ్లు, ఇటుక ముక్కలు, కొబ్బరిపొట్టు చెరొక పాలు కలిపి అందులో నాటాను. నెల తిరిగేసరికి చిగుళ్లు వచ్చాయి. ప్రతి ఆదివారం ఒకే చోటు నుంచి తీసి, నీళ్లు పోసిన తేదీలతో భద్రపరచిన ఫోటోలను తిరగేస్తే, ఆకులు పసుపుబారడం ముసురు పట్టిన వారం తరువాతే మొదలైనట్టు స్పష్టంగా కనిపించింది. వాటిని ముందే చూసి ఉంటే వేపనూనె ఖర్చయినా మిగిలేది.