మానవ హక్కుల చదువులో బస్తీ పనికి మార్కులు ఉండాలా?

నాగరభావి విద్యార్థిని:
బెంగళూరులో మానవ హక్కుల అంశంపై స్నాతకోత్తర కోర్సు చదువుతున్నాను. వచ్చే ఏడాది నుంచి ప్రతి విద్యార్థీ ఒక సెమిస్టర్ పాటు నగరాన్ని శుభ్రం చేసే పౌరకార్మికుల బస్తీల్లోనో, వలస కూలీల గుడిసెల దగ్గరో పనిచేసి తీరాలనీ, అందుకు క్రెడిట్లు ఇస్తామనీ మా విభాగం ప్రతిపాదించింది. విశ్వవిద్యాలయం చదువు చెప్పి ఊరుకోవాలా, ఇలా జనంలోకి పంపాలా అన్న విషయంలో మా తరగతి రెండుగా చీలిపోయింది. పెద్దలు అభిప్రాయం చెప్పగలరు.

జయనగర్ అధ్యాపకుడు:
తప్పనిసరి చేయాల్సిందే. 1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలోని 26వ అధికరణం విద్య మానవ హక్కుల పట్ల గౌరవాన్ని పెంచాలని చెప్పింది. 2011లో ఐక్యరాజ్యసమితి చేసిన మానవ హక్కుల విద్యా ప్రకటన ఇంకా ముందుకు వెళ్లి, హక్కుల గురించి తెలుసుకోవడంతో పాటు వాటిని వినియోగించుకునే, ఇతరుల హక్కులను నిలబెట్టే శక్తిని ఇవ్వడం కూడా విద్యలో భాగమేనని స్పష్టం చేసింది. మన తెలుగువారిలోనే చూడండి: కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారు గ్రామాలకు వెళ్లి నిజనిర్ధారణ చేసినందువల్లనే ఆయన రాతకు అంత బరువు వచ్చింది.

ఇందిరానగర్ పాఠకుడు:
అయ్యా, బాలగోపాల్ గారికి క్రెడిట్లు ఎవరిచ్చారు? తనంతట తాను వెళ్లిన మనిషిని చూపించి, హాజరు పట్టీ కోసం వెళ్లేవారిని సమర్థించడం సరికాదు. ఈ నగరంలో పౌరకార్మికులలో చాలామంది తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవారు. వారిని ఏటా కొత్త విద్యార్థులు వచ్చి జీతం ఎంత, చేతి తొడుగులు ఇస్తున్నారా, మంచినీళ్లు ఉన్నాయా అని అవే ప్రశ్నలు అడిగి వెళ్తుంటారు. ఎవరు ఏం చెప్పారో సాయంత్రానికల్లా మేస్త్రీకి తెలిసిపోతుంది. 2022 జూలైలో ఉద్యోగాల క్రమబద్ధీకరణ కోసం సమ్మె చేసి ప్రభుత్వాన్ని కదిలించింది కార్మికులే కానీ విద్యార్థుల నివేదికలు కావు. విశ్వవిద్యాలయం ముందు చట్టాన్ని గట్టిగా నేర్పాలి. మురుగు కాలువలు శుభ్రం చేస్తూ చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ రెండు తీర్పులనూ చదివి ఒక దరఖాస్తు సరిగ్గా రాయగలిగిన విద్యార్థి బస్తీకి ఎక్కువ ఉపయోగపడతాడు.

మల్లేశ్వరం వకీలు:
వెళ్లాలా వద్దా అన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. సెమిస్టర్ ముగిశాక ఆ మనిషి కేసు ఎవరి చేతిలో ఉంటుందన్నది నా ప్రశ్న.

1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, ఘటన జరిగిన ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ దానిపై విచారణ జరపడానికి వీలులేదు. నవంబరులో ఒక విద్యార్థి విషయం రాసుకుని, ఏప్రిల్‌లో నివేదిక సమర్పించి, మార్కులు తీసుకుని సొంతూరు వెళ్లిపోతే, ఫిర్యాదు వెళ్లినట్టే అనుకుని ఎదురుచూసే కార్మికురాలికి ఆ గడువు నడిచిపోతూనే ఉంటుంది. అధ్యాపకులే కోర్టుకు వెళ్తారా అంటే అదీ కుదరదు. పూర్తికాలపు జీతం మీద పనిచేసే ఉద్యోగి న్యాయవాదిగా ప్రాక్టీసు చేయరాదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించే న్యాయవాదులకు మాత్రమే వెసులుబాటు ఉంది. లా కాలేజీల న్యాయ సహాయ కేంద్రాలు చాలాచోట్ల కరపత్రాలు పంచడం దగ్గరే ఆగిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం (బద్ధకం మరో కారణం, అది వేరే సంగతి).

అయితే దారి లేకపోలేదు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది. కనుక విభాగం జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థతో ముందే ఒప్పందం చేసుకుని, మొదటి రోజు నుంచే ఆ సంస్థ జాబితాలోని ఒక న్యాయవాదికి ఫైలు అప్పగించే ఏర్పాటు చేయాలి. మార్కులు నివేదిక సొంపుకు కాకుండా, తేదీలు, వేతన చీటీలు, సంతకాలు సరిగ్గా ఉన్న ఫైలును తర్వాతి విద్యార్థికి ఎంత చక్కగా అప్పగించారన్న దానికి ఇవ్వాలి. ఇంకొక మాట: మన తెలుగు పిల్లలను తరచుగా కేవలం దుబాసీలుగా కూర్చోబెడుతుంటారు. బాధితురాలు అసలు కథ వారికే చెబుతుంది, నివేదికపై పేరు మాత్రం వేరొకరిది ఉంటుంది. ఆ పనికీ క్రెడిట్లు ఉండాలి, తాము విన్నదాన్ని గోప్యంగా ఉంచే బాధ్యతలో వారికీ శిక్షణ ఉండాలి.

ఇందిరానగర్ పాఠకుడు:
వకీలు గారూ, ఇన్ని షరతులు పెడితే ఏ విశ్వవిద్యాలయమూ ముందుకు రాదు. సెలవుల్లో కూడా ఆ ఫైళ్లు చూసుకునే మనిషికి జీతం ఎవరిస్తారు?

మల్లేశ్వరం వకీలు:
ఇవ్వలేకపోతే తప్పనిసరి అన్న నిబంధన తీసేసి, ఇష్టమున్న కొద్దిమందిని అనుభవజ్ఞులైన సంఘాల వెంట పంపడమే మేలు. అమ్మా విద్యార్థినీ, మే, జూన్ నెలల్లో బస్తీ నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే బాధ్యత ఎవరిదో మీ విభాగం ప్రతిపాదనలో రాసి ఉందేమో చూడండి. లేకపోతే ప్రతిపాదన ఖరారయ్యే ముందే రాయించండి.