ఫారంలో కొట్టింది సర్వర్‌లో దాచాలా, పేజీతోనే పంపాలా?

కొండారెడ్డి బురుజు:
ఆదోని యార్డులో పత్తి లాట్లు ఎక్కించే ఫారం, జేఎస్‌ఎఫ్‌లో (జావాలో వెబ్ పేజీలు కట్టే ఫ్రేమ్‌వర్క్) రాశాం. రైతు పేరు, తూకం, ధర అంటూ వరుసలు చేరుస్తూ పోతారు. ఆపరేటర్ భోజనం చేసి వచ్చి సేవ్ నొక్కితే వ్యూ ఎక్స్‌పైర్డ్ అని వస్తుంది, కొట్టిందంతా గల్లంతు. మా సర్వర్ టామ్‌క్యాట్‌లో సెషన్, అంటే ఒక్కో యూజర్ గురించి సర్వర్ గుర్తుంచుకునేది, కదలిక లేకపోతే మామూలుగా 30 నిమిషాలే. స్థితిని, అంటే ఫారం అప్పటిదాకా ఎలా ఉందో దాన్ని, పేజీలోనే పెట్టి పంపేద్దామంటాను.

గండికోట:
వద్దన్నా. వరుసలు పెరిగేకొద్దీ పేజీ ఉబ్బుతుంది, ప్రతి క్లిక్కుకీ అదంతా పోయి రావాలి. యార్డులో సిగ్నల్ సంగతి నీకు తెలీదా? సెషన్ టైం పెంచు.

కొండారెడ్డి బురుజు:
పెంచితే మెమరీ ఎవరిస్తారు? పైగా రెండు ట్యాబులు తెరిస్తే ఒక రైతు తూకం ఇంకొకరి కింద పడుతోంది.

తుంగభద్ర:
సెషన్ అంతటికీ డేటా ఒకటే ఉండే సెషన్ స్కోప్ తీసి, తెరిచిన ప్రతి పేజీకీ వేరుగా ఉంచే వ్యూ స్కోప్ పెట్టండి. 2009లో జేఎస్‌ఎఫ్ 2.0తోనే వచ్చింది.

గండికోట:
ట్యాబుల గొడవ తీరుతుంది, అంతే. జేఎస్‌ఎఫ్ 2.2లో వచ్చిన సీడీఐ (జావాలో ఆబ్జెక్టులను సమకూర్చే పద్ధతి) వ్యూ స్కోప్‌లో బీన్, అంటే డేటా పట్టుకునే ఆబ్జెక్టు, ఉండేది సెషన్‌లోనే. స్థితి పేజీలో పెట్టినా సెషన్ పోతే వరుసలూ పోతాయి. అసలు పేజీని నమ్మొద్దు. కడపలో ఒక షాపుకి చేసినప్పుడు పేజీలో కనబడని హిడెన్ ఫీల్డులో ధర మార్చి పంపారు. నా జీతంలో కోశారు.

కొండారెడ్డి బురుజు:
ప్రతి చర్చలో అదే కథ! 2.2 నుంచి పేజీలో పెట్టే స్థితి ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. మా ఆపరేటర్లను దొంగలంటున్నావా?

గండికోట:
అనలేదు. లెక్క తప్పితే సంజాయిషీ ఇచ్చుకునేది నువ్వూ నేనూ అంటున్నా.

పెన్నా తీరం:
ఏ ట్యాబు తెరిచి ఉందన్నది స్క్రీన్ స్థితి. రైతు తూకం స్థితి కాదు, రికార్డు. దాన్ని సెషన్‌లో ఎందుకు ఉంచుతున్నారు? వరుస చేర్చగానే డ్రాఫ్టుగా డేటాబేసులో రాయండి. సెషన్ పోతే మళ్లీ లాగిన్ అవుతారు, వరుసలు అక్కడే ఉంటాయి.

గండికోట:
డ్రాఫ్టు సరే. ధర మాత్రం సేవ్ అప్పుడు టెండర్ పట్టిక నుంచే తీసుకోవాలి.

కొండారెడ్డి బురుజు:
కుదరదు. తేమ ఎక్కువుందని తర్వాత ధర తగ్గిస్తారు, అది ఆపరేటరే కొట్టాలి.

గండికోట:
అయితే ఎవరు తగ్గించారు, ఎప్పుడు, ఎంత నుంచి ఎంతకి అన్నది పట్టికలో పడాలి. రేపు రైతు వచ్చి అడిగితే ఏం చూపిస్తావు?

కొండారెడ్డి బురుజు:
అది కమిషన్ ఏజెంట్లు ఒప్పుకోరు.

గండికోట:
మరి అది ముందే చెప్పాల్సింది, అన్నా.