విశ్వకర్మ పథకంలో చెప్పులు కుట్టే పని: చేయూతా, కులపు కట్టుబాటా?

తంగేడుపూలు:
2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టే పని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల వరకు రుణం ఇస్తారు. వంశపారంపర్యంగా అదే వృత్తిలో ఉండాలన్న నిబంధన కులవృత్తిని కొనసాగించడమే అవుతుందంటూ, పథకాన్ని ఇప్పుడున్న రూపంలో అమలు చేయబోమని 2024 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం కేంద్రానికి తెలిపింది. మీరేమంటారు?

కిర్రుచెప్పు:
కట్టుబాటే అంటాను. బస్టాండు ఎదుట గొడుగు కింద నలభై ఏళ్లు కూర్చున్న మా తాత తోలు కోసే తన రంపెను, కుట్టే ఆరెను మా నాన్నను ముట్టనివ్వలేదు. తెగిన చెప్పును చేతికివ్వకుండా కాలితో ముందుకు నెట్టేవాళ్లను ఆయన రోజూ చూశారు. పైగా ఇప్పటి చెప్పులకు అచ్చులో పోసిన సోలు వస్తోంది. అది విరిగితే కుట్టు నిలవదు. పనే లేని చోట పనిముట్లు ఎందుకు?

ఏడోనంబరు:
కిర్రుచెప్పు గారూ, నేను చర్మకార కుటుంబంలో పుట్టలేదు, కాబట్టి ఆ నెట్టిన కాలి గురించి మీకు ఎదురు చెప్పే అర్హత నాకు లేదు. పని లేదన్న మాట మాత్రం ఒప్పుకోను. కుష్ఠు వల్లనో, మధుమేహం వల్లనో స్పర్శ పోయిన పాదాలకు నేను చెప్పులు చేస్తాను. అలాంటి పాదానికి మేకు దిగినా తెలియదు గనుక మేము మేకులు వాడం; కుడతాం, లేదా అతికిస్తాం. లోపలి పొరకు వేసే మైక్రోసెల్యులర్ రబ్బరును (సన్నటి గాలి గదులుండే మెత్తటి రబ్బరు) బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే సగం మందానికి అణగాలి. అంతకన్నా గట్టిదైతే పాదం పుండు పడే ప్రమాదం ఉంది. చెప్పు జారిపోయినా ఆ కాలికి తెలియదు, అందుకే మడమ వెనక పట్టీ తప్పనిసరి. వేలూరులో కుష్ఠు రోగులకు వైద్యం చేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ శస్త్రచికిత్సలతో పాటు చెప్పుల మీదా అంత శ్రద్ధ పెట్టింది ఇందుకే. ఇంత పని నేర్పడానికి తాత ఏం చేసేవాడని అడగనక్కరలేదు, కాబట్టి ఆ నిబంధన పోవలసిందే. దాని కోసం రుణాన్నే వదులుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు.

కిర్రుచెప్పు:
తమిళనాడు వారు రుణాన్ని వదులుకోలేదండీ. 2025లో కులంతో ముడిపెట్టని సొంత పథకం తెచ్చారు. ఇక మీ పని సంగతి. మీరు కుడితే అది సేవ, వైద్యం. మా నాన్న కుట్టి ఉంటే "వాళ్ల పనే కదా" అనేవారు. ఇంతకీ మీ దగ్గర కుట్టేవారికి టెక్నీషియన్ జీతం ఇస్తున్నారా, జతకు ఇంత అని లెక్కగట్టి ఇస్తున్నారా?