సాలొనికా యూదుల చేతిరాత చదవగలిగినవారు ఉన్నారా?

అందరికీ నమస్కారం. గ్రీసులోని థెస్సలొనీకి, అంటే పాత సాలొనికా యూదుల రోజువారీ బతుకు మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 1492లో స్పెయిన్ వెళ్లగొట్టినవాళ్ల సంతతే అక్కడ ఎక్కువ. యూదుల విశ్రాంతి దినమైన శనివారం వస్తే రేవులో పని ఆగిపోయేదంటే వాళ్లు ఎంతమందో ఊహించండి. 1917 అగ్నిప్రమాదంలో చాలా రికార్డులు కాలిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు నాజీలు ఎత్తుకెళ్లారు. 1943లో మనుషులనే రైళ్లలో ఆష్విట్జ్ మరణ శిబిరానికి తరలించారు. ఇప్పుడా కాగితాలు జెరూసలేం, న్యూయార్క్, మాస్కో అంటూ తలో చోట ఉన్నాయి.

నాకు కావలసింది చిన్న చిన్న సంగతులే: ఇంటి అద్దె, పెళ్లి కట్నం, బడి జీతం. ఒక లెక్కల పుస్తకం పేజీ ఫొటో దొరికింది. అంచున అంకెలు తెలుస్తున్నాయి. పక్కన రాసిందంతా లడీనో భాష (స్పెయిన్ నుంచి వాళ్లు తెచ్చుకున్న పాత స్పానిష్), సోలిత్రెయో లిపి (హీబ్రూ అక్షరాల గొలుసుకట్టు చేతిరాత). హీబ్రూ అచ్చక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ, ఈ గొలుసుకట్టు రాత ఒక్క ముక్క అర్థం కావట్లేదు. ఆ అంకెలు ఎవరి అద్దెలో, ఎవరి ఆకలో తెలియకుండా వ్యాసం ముగించడానికి మనసొప్పడం లేదు.

ఈ లిపి ఎక్కడ నేర్చుకోవచ్చు? జెరూసలేం, న్యూయార్క్ ఆర్కైవులను ఇంటి నుంచే వాడుకున్నవారు ఎవరైనా ఉంటే, వెతుకులాట ఎలా మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి.