అప్‌డేట్: ఎక్స్‌ఏఓఎస్‌లో లోతుకు జూమ్ చేస్తే బొమ్మ గడులుగా విరిగిపోయే సమస్య తీరింది

కడపలో గణిత ప్రదర్శన కోసం మాండెల్‌బ్రాట్ సమితి (ఎంత పెద్దది చేసి చూసినా అంచుల్లో కొత్త వివరాలు కనిపించే గణిత రూపం) చిత్రాలు సిద్ధం చేస్తుండగా, ఎక్స్‌ఏఓఎస్ (XaoS) అనే, ఇలాంటి బొమ్మల్లోకి జూమ్ చేసి చూపే ప్రోగ్రామ్‌లో బాగా లోతుకు వెళ్లిన చోట అంచుల్లోని సుడులు చెదిరి చదరపు గడులుగా మారుతున్నాయని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

గ్రాఫిక్స్ డ్రైవర్‌కు, ర్యామ్‌కు దీనితో సంబంధం లేదని తేలింది. ఇటరేషన్లు (ఒక్కో బిందువుకు లెక్కను మళ్లీ మళ్లీ చేసే సార్లు) పెంచితే నల్లగా నిండిన చోట్ల వివరాలు కనిపించాయి గానీ గడులు అలాగే ఉన్నాయి. మామూలు ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచుకునే రూపం) 16 నుంచి 19 అంకెల వరకే నిలుపుకోగలవు కనుక, అంతకు మించిన లోతులో పక్కపక్క పిక్సెళ్లు ఒకే సంఖ్యగా లెక్కకు వస్తాయన్న వివరణే సరైనది. ఒక్క బిందువును మాత్రం అధిక కచ్చితత్వంతో గణించి, మిగిలినవాటిని దానితో ఉన్న తేడాలుగా లెక్కించే కల్లెస్ ఫ్రాక్టాలర్ అనే మరో ప్రోగ్రామ్‌లో అవే నిరూపకాలు ఇవ్వగా సుడులు తీగతీగగా విడివడి వచ్చాయి. ఇదీ ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. చూస్తుండగానే జూమ్ చేసి పిల్లలకు చూపడానికి మాత్రం ఎక్స్‌ఏఓఎస్‌నే ఉంచుకున్నాను.