స్టౌట్‌కి నాలుగు, లాగర్‌కి ఎనిమిది: రకరకాల బీర్లకు ఒకే కొలత పెట్టొచ్చా?

గట్టు గాలి (భీమవరం)

మొన్న యానాంలో మా స్నేహితుడింట్లో ఐదు రకాల బీర్లు రుచి చూసి పదికి మార్కులు వేశాం. అందరివీ కలిపి సగటు తీస్తే లాగర్‌కి ఎనిమిది, జర్మన్ గోధుమ బీరుకి ఏడున్నర, బెల్జియం విట్‌బియర్‌కి ఏడు, ఐపీఏ (ఇండియా పేల్ ఏల్) అనే చేదు బీరుకి ఐదు, నల్లటి స్టౌట్‌కి నాలుగు వచ్చాయి. ఆ కాగితం ఫొటో మా గ్రూపులో పెట్టగానే "అయితే స్టౌట్ జోలికి వెళ్ళక్కర్లేదు" అని ఇద్దరు ముగ్గురు తేల్చేశారు. నా అభ్యంతరం అక్కడే. ఐదు వేర్వేరు స్టైళ్ళని, అంటే బీరు రకాల్ని, ఒకే పట్టికలో పైకీ కిందకీ పేర్చడం న్యాయమేనా?

నా మాట ముందే చెప్పేస్తాను: న్యాయం కాదు. ఆ మార్కుల్లో బీరు నాణ్యత కంటే మన అలవాటే ఎక్కువ కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ మనకి బీరంటే చల్లటి లాగరే కాబట్టి లాగర్ గెలిచింది. ఐపీఏ చేదుగా ఉందని మార్కులు కోశారు. ఐపీఏ చేదుగా ఉండకపోతే ఇంకెలా ఉంటుంది? చేదుని ఐబీయూ అనే లెక్కలో కొలుస్తారు. అమెరికన్ తరహా ఐపీఏకి 40 నుంచి 70 దాకా ఉండాలని బీరు పోటీల జడ్జిలు చూసుకునే పుస్తకంలోనే ఉంది. మామూలు అంతర్జాతీయ లాగర్‌కి అదే 18 నుంచి 25. రెండూ ఒకే నాలుకకి ఒకేలా నచ్చాలంటే ఎలా?

స్టౌట్ సంగతి ఇంకా అన్యాయం. ఫ్రిజ్‌లోంచి తీసి, సీసా చెమట పట్టి ఉండగానే గ్లాసుల్లో పోసేశాం. తాగితే మాడిన చేదు తప్ప ఇంకేమీ తెలియలేదు. మార్కులు వేసేశాక నా గ్లాసులో అడుగున కొంచెం మిగిలితే, మాటల్లో పడి అలాగే వదిలేశాను. చాలాసేపటికి ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే వేయించిన కాఫీ గింజల వాసన, వెనకాల కోకో. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు. స్టౌట్‌ని పది పన్నెండు డిగ్రీల దగ్గర తాగాలంటారు, మేము ఇచ్చింది నాలుగైదు డిగ్రీల దగ్గర.

బీజేసీపీ అని అమెరికాలో 1985లో మొదలైన జడ్జిల సంస్థ ఉంది. వాళ్ళ షీటులో మొత్తం 50 మార్కులు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. ఏ బీరునైనా ముందు దాని స్టైల్ వివరణ పక్కన పెట్టుకునే తూకం వేస్తారు. మనం కూడా అలాగే చేయాలని నా పట్టు. మీరేమంటారు?

నర్సాపురం కుర్రోడు

అన్నా, మీ టేబుల్ దగ్గర నేనూ ఉన్నాను, స్టౌట్‌కి మూడు వేసింది నేనే. ఇప్పటికీ మూడే వేస్తాను.

జడ్జిల పద్ధతి జడ్జిలకి. వాళ్ళు పోటీలో బీరు తయారు చేసినవాడికి జవాబుదారీ. నేను నా జేబుకి జవాబుదారీ. ఒక సీసాకి అంత డబ్బు పోసి కొన్నాక, "ఈ స్టైల్లో ఇలాగే ఉండాలి" అంటే నాకు ఒరిగేదేంటి? రేపు మా బావ "ఏది కొనమంటావురా" అని అడిగితే స్టైల్ వివరణ చదివి వినిపించాలా? నాకు ఏది బాగుందో అది చెబుతాను.

ఇంకో మాట. స్టైల్ అంటే ఎవరో ఎక్కడో రాసుకున్న నియమం. బెల్జియంలో, బవేరియాలో పుట్టిన రుచుల్ని ప్రమాణంగా పెట్టి, దానికి దగ్గరగా ఉంటే మంచిది, దూరంగా ఉంటే చెడ్డది అనడం నాకు నచ్చదు. మే నెలలో నర్సాపురం ఉక్కలో కూర్చున్నవాడికి ఏది హాయిగా దిగుతుందన్నది కూడా ఒక ప్రమాణమే కదా.

గౌతమి ఒడ్డు (అమలాపురం)

కుర్రోడు గారూ, మీ జేబు మాట ఒప్పుకుంటాను. కానీ ఆవకాయకి తెచ్చిన కాయ పుల్లగా ఉందని దాన్ని చెరుకురసం మామిడిపండు పక్కన పెట్టి తక్కువ మార్కులు వేస్తామా? ఆ పులుపు కోసమే కదా తెచ్చింది.

నచ్చినదాన్ని బట్టి మాత్రమే మార్కులు వేస్తూ పోతే ఏమవుతుందో ఇప్పటికే చూస్తున్నాం. జనం మార్కులు వేసే సైట్లలో, యాప్‌లలో పై వరసలు చూడండి. ఎక్కువ శాతం ఆల్కహాల్ ఉన్న ఇంపీరియల్ స్టౌట్లు, డబుల్ ఐపీఏలు. అడుగున తేలికపాటి లాగర్లు. అక్కడ మార్కులు వేసేవాళ్ళ అలవాటు అది, మీ టేబుల్ దగ్గర అలవాటు దానికి తలకిందులు. రెండు చోట్లా జరిగింది ఒకటే: ఎవరు కూర్చున్నారో వాళ్ళ ఇష్టం బీరు నాణ్యత పేరుతో చెలామణి అయింది. రేట్‌బీర్ అనే సైట్‌లో ఈ చిక్కు తెలిసే రెండు అంకెలు చూపించేవారు, అన్ని బీర్లలో దాని స్థానం ఒకటి, దాని స్టైల్లో స్థానం ఒకటి. మీరూ రెండు గళ్ళు గీసుకుంటే గొడవే ఉండదు.

విట్‌బియర్‌కి ఏడు రావడం చూసి సంతోషమేసింది. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మొదటిసారి తాగినప్పుడు ఎక్కడో తెలిసిన వాసన అనుకుంటూ ఉండిపోయాను, తర్వాత తెలిసింది అవి మన ధనియాలేనని. బెల్జియంలోని హూగార్డెన్ అనే ఊళ్ళో ఈ రకం పూర్తిగా ఆగిపోతే, పియర్ సెలిస్ అనే పాలవ్యాపారి 1966లో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో అక్కడివాళ్ళు లాగర్ ఒక్కటే బీరనుకుని మార్కులు వేసి ఉంటే, ఆయన సీసా కూడా మీ స్టౌట్ గతే పట్టేది.

లంక దారి (రాజోలు, ప్రస్తుతం బెంగళూరు)

నేను ఇక్కడ ఒక మైక్రోబ్రూవరీలో పని చేస్తాను. మీరందరూ ఇష్టం, స్టైల్ అని రెండే అంటున్నారు. మూడోది ఉంది, అది అన్నిటికంటే ముందు చూడాల్సింది: బీరు పాడయిందా లేదా.

ఉదాహరణకి జర్మన్ గోధుమ బీరు. అందులో అరటిపండు వాసన, లవంగం వాసన ఉండాలి, రెండూ ఈస్టు నుంచే వస్తాయి. అరటి వాసన ఇచ్చే పదార్థం ఐసోఅమైల్ ఎసిటేట్, పండిన అరటిలో ఉండేదీ అదే. రావులపాలెం యార్డులో మాగిన గెలల మధ్య నిలబడ్డవాడికి ఆ గ్లాసు దగ్గరికి రాగానే తెలిసిపోతుంది. అదే వాసన లాగర్‌లో గట్టిగా వచ్చిందంటే లోపం. చల్లగా, నెమ్మదిగా పులియాల్సినది వేడిలో పులిసిందేమో అనుకోవాలి. అంటే స్టైల్ తెలియకపోతే లోపమేదో కూడా తెలియదు. కుర్రోడు తమ్ముడికి నా జవాబు ఇదే: స్టైల్‌ని పరదేశం పెట్టిన నియమం అనుకోకు, తయారు చేసినవాడు నీకిచ్చిన మాట అనుకో. సీసా మీద ఒకటి రాసి లోపల ఇంకోటి పోస్తే మోసపోయేది నీ జేబే.

కొన్ని లోపాలకి ఏ స్టైలూ సాకు కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. ఉడికిన మొక్కజొన్న వాసన గట్టిగా వస్తే తయారీలో తేడా. ఎండ తగిలిన సీసాలో ఒక రకం కంపు వస్తుంది, చేదు కోసం, వాసన కోసం బీరులో వేసే హాప్స్ పువ్వుల్లోని పదార్థం మీద వెలుతురు పడి పుట్టేది అది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు. మన వైపు ఎండల్లో లారీలో, గోడౌన్‌లో ఎన్నాళ్ళు ఉందో మరి. ఐపీఏకి ఇది మరీ ముఖ్యం. హాప్స్ వాసన నెలల్లోనే దిగిపోయి ఉత్త చేదు మిగులుతుంది. మీ ఐపీఏ సీసా మీద తేదీ చూశారా?

గట్టు గాలి

చూశాను లంక దారి గారూ, మీరు అడిగాక ఫొటో తీసి చూశాను. తయారై ఏడు నెలలు దాటింది. కాబట్టి మా ఐదు మార్కులు ఆ సీసాకి న్యాయమే కావచ్చు, ఐపీఏ అనే రకానికి మాత్రం కాదు.

నర్సాపురం కుర్రోడు

ఇది మాత్రం ఒప్పుకుంటా. పాత సీసాకి వేసిన మార్కు ఆ రకం నెత్తిన రుద్దకూడదు. కానీ స్టౌట్ తాజాదే, దానికి ఏ వంకా లేదు. నల్లగా ఉంది, చేదుగా ఉంది, నాకు నచ్చలేదు.

లంక దారి

నల్లగా ఉందంటే బరువుగా ఉంటుందని, మత్తెక్కువని మన దగ్గర చాలామంది ముందే మనసులో పెట్టుకుని గ్లాసు ఎత్తుతారు. ఆ నలుపు మాడేలా వేయించిన బార్లీది. పేరున్న ఐరిష్ స్టౌట్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, మన షాపుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే స్ట్రాంగ్ లాగర్ల కంటే చాలా తక్కువ. ఈసారి రంగు కనపడని స్టీలు గ్లాసులో పోసి ఇవ్వండి, తమ్ముడు ఎంత వేస్తాడో చూద్దాం.

తాటితోపు (ఆత్రేయపురం దగ్గర)

అబ్బాయిలూ, అమ్మాయీ, పెద్దవాణ్ణి కాబట్టి నా మాట కూడా వినండి. ఇంతసేపూ బెల్జియం, జర్మనీ అంటున్నారు. మన గోదారి గట్టు మీద ఇన్ని చెట్లు గీస్తుంటే కల్లుకి మార్కులు వేయాలని ఒక్కరికీ తోచలేదా? ఈత కల్లు వేరు, తాటి కల్లు వేరు. పోతుతాడి కల్లుకీ పెంటితాడి కల్లుకీ తేడా చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. పైన ఏజెన్సీకి వెళ్తే జీలుగు కల్లు. ఇవి రకాలు కావా?

పొద్దున్నే చెట్టు దిగిన లొట్టిలోంచి తాటాకు దొప్పలో పోయించుకుని తాగితే తియ్యగా, చిరుచేదుగా, నాలుక మీద చిన్నగా చిటపటలాడుతుంది. అదే లొట్టి మధ్యాహ్నానికి పులుపెక్కి తల తిప్పుతుంది. మర్నాటికి ఘాటెక్కి వెనిగర్ అవుతుంది. లొట్టికి సున్నం రాస్తే అసలు పులియదు, అది నీరా. ఒకే చెట్టు, ఒకే చుక్క. దీనికి మీ 50 మార్కుల కాగితం పనికొస్తుందా?

గౌతమి ఒడ్డు

బాబాయ్ గారూ, పనికొస్తుందనే నా నమ్మకం. బ్రస్సెల్స్ చుట్టుపక్కల సెన్ లోయలో లాంబిక్ అని ఒక బీరు చేస్తారు. ఈస్టు కలపరు. కాచిన ద్రవాన్ని చలికాలపు రాత్రి వెడల్పాటి తెరిచిన తొట్టిలో ఆరబెడతారు, గాలిలో ఉన్న ఈస్టులు, బ్యాక్టీరియా వచ్చి పడి పులియబెడతాయి. మన లొట్టిలో జరిగేదీ అదే, ఎవరూ ఏమీ కలపరు. వాళ్ళది పీపాల్లో ఏళ్ళ తరబడి మాగుతుంది, మనది గంటల్లో తేలిపోతుంది. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ లాంబిక్‌లని కలిపి గూజ్ అని ఇంకో బీరు చేసి, దాని పులుపుని మంచి గుణంగానే లెక్కేస్తారు. ఆ పులుపు గొప్పదనుకునే జడ్జి మన మధ్యాహ్నపు కల్లుని "పాడైంది" అని తీసేయలేడు కదా.

నర్సాపురం కుర్రోడు

అదిగో, మీరే నా వాదనకి వచ్చారు. కల్లుకి స్టైల్ పుస్తకం ఎవరూ రాయలేదు. అయినా బాబాయ్ గారి ఊళ్ళో ఏది మంచిదో, ఏది పనికిరాదో తెలుస్తోంది. నాలుకే చెబుతోంది.

తాటితోపు

కాదు బాబూ. పుస్తకం లేకపోయినా కొలత ఉంది. ఏ చెట్టు, ఏ నెల, లొట్టి ఎప్పుడు కడిగారు, ఎన్ని గంటలకి దించారు, ఇవన్నీ అడిగాకే మావాళ్ళు బాగుందో లేదో చెబుతారు. పొద్దుటి కల్లుని పొద్దుటి కల్లుతోనే పోలుస్తారు. ఆ కొలత గీత కార్మికుల నోళ్ళలో ఉంది. కొత్తగా చెట్టెక్కేవాళ్ళు తగ్గిపోతున్నారు, మోకు పట్టే కుర్రాళ్ళు ఏరీ? వాళ్ళతోపాటే ఆ కొలతా పోతుంది. మీ చదువుకున్నవాళ్ళు ఎవరైనా వాళ్ళ పక్కన కూర్చుని రాసుకుంటే బాగుండునని నా బాధ. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి పరిశోధన కేంద్రంలో తాటి మీద పని జరుగుతోంది. అది చెట్టు గురించి, నీరా గురించి. రుచి గురించి రాయాల్సింది తాగేవాళ్ళే.

గట్టు గాలి

బాబాయ్ గారూ, ఇది నేను రాస్తాను. నాకు తోచిన షీటు ఇది: చెట్టు ఏది, దించిన టైమ్, తాగిన టైమ్, ఆ తర్వాత వాసన, తీపి, పులుపు, పొంగు. దించి రెండు గంటల లోపు తాగింది ఒక రకం, మధ్యాహ్నానిది ఇంకో రకం. మీ తోపులో గీసేవాళ్ళని అడిగి ఈ గళ్ళు సరిపోతాయో లేదో చెప్పండి. వాళ్ళు ఏ మాటలు వాడితే అవే గళ్ళ పైన రాద్దాం.

బీర్లకి కూడా ఈసారి రెండు అంకెలు వేయిస్తాను, స్టైల్‌కి ఒకటి, ఇష్టానికి ఒకటి. సీసా మీద తేదీ పక్కనే రాస్తాం.

నర్సాపురం కుర్రోడు

రెండు అంకెలకి నేను సరే. ఇష్టం అంకె మాత్రం ఎవరూ దిద్దకూడదు. ఇంకోటి, పోయినసారి మార్కులు వేస్తూ రొయ్యల వేపుడు తిన్నాం. ఐపీఏ నోట్లో పడగానే కారం రెట్టింపయింది.

లంక దారి

హాప్స్ చేదు కారాన్ని పెంచుతుంది తమ్ముడూ, నీకు అనిపించింది నిజమే. తేలికవి ముందు, ఘాటైనవి చివర పెట్టుకోండి. మధ్యలో మంచినీళ్ళు, ఉప్పులేని బ్రెడ్డు చాలు. ఒక్కొక్కటీ నాలుగు గుక్కలకి మించక్కర్లేదు. బండి మీద వచ్చినవాళ్ళు ఆ రాత్రి అక్కడే పడుకోండి, ఎదుర్లంక వంతెన మీద చీకట్లో లారీలు ఆగవు.

గౌతమి ఒడ్డు

రొయ్యలు మార్కులయ్యాక తినండి, అప్పుడు విట్‌బియర్ మళ్ళీ కొంచెం పోసుకోండి. వేపుడుతో ఏది కుదిరిందో దానికి మూడో గడి గీయాలంటాను నేను. కుర్రోడు గారు అడిగే ఉక్కపోత ప్రమాణం కూడా ఆ గడిలోనే పడుతుంది.

నర్సాపురం కుర్రోడు

గీయండి. ఆ గడికి మార్కులు నేనే ముందు వేస్తాను.