కాలక్షేపం పాటలో కళ ఉన్నదా?

హనుమకొండ శ్రోత:
మా కాలనీలో దసరాకు పిల్లల పాటల పోటీ పెడుతున్నారు. కీర్తనలకు, బతుకమ్మ పాటలకు చోటిచ్చి, లలిత గీతాలను, సినిమా పాటలను మాత్రం "కాలక్షేపం సరుకు" అని పక్కన పెట్టారు. నిర్ణేతలలో ఒకరు నాకు బాగా కావలసిన సంగీతం మాస్టారు కావడం వల్ల అక్కడ నోరు మెదపలేకపోయాను. రామప్ప గుడికి వెళ్లివచ్చిన ప్రతిసారీ నాకు జాయప సేనాని గుర్తుకు వస్తాడు. కాకతీయ రాజు గణపతిదేవుని గజసాహిణి, అంటే ఏనుగుల దళాధిపతి అయిన ఆయన 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాస్తూ, ఎనిమిది అధ్యాయాలలో నాలుగింటిని మార్గానికి (శాస్త్రీయ పద్ధతికి), నాలుగింటిని దేశికి (జనంలో వాడుకలో ఉన్న పద్ధతికి) ఇచ్చాడు. జనం ఆడుకునే ఆటకు శాస్త్రకారుడే సగం గ్రంథం కేటాయించిన నేల మీద, జనం పాడుకునే పాటకు ఒక పూట పోటీలో చోటు దొరకకపోవడం వింతగా లేదా?

స్వరజతి:
శ్రోత గారూ, జాయప సాక్ష్యం మీరు అనుకున్నంత మీ వైపు లేదు. ఆయన దేశిని మెచ్చుకొని ఊరుకోలేదు, దాని చారులకు (పాదాల కదలికలకు), కరణాలకు (చేతులు, పాదాలు కలిసిన భంగిమలకు), లాస్యాంగాలకు (సుకుమార నృత్య అంశాలకు) లక్షణం చెప్పాడు. లక్షణం చెప్పదగినంత సాధన అందులో ఉన్నది కాబట్టే చెప్పగలిగాడు. ఫోన్‌లో ట్రాక్ పెట్టుకొని, పల్లవి, రెండు చరణాలు అప్పజెప్పే పిల్లవాడి పాటకు ఏ లక్షణం చెబుతారు? ఎవరో ఒకరు కేస్కర్ కథ తెస్తారు కాబట్టి ముందే అంటున్నాను: 1952లో ఆ మంత్రి ఆకాశవాణిలో సినిమా పాటలను కట్టడి చేస్తే శ్రోతలు సిలోన్ రేడియోకు మళ్లారు, చివరికి 1957లో వివిధభారతి పుట్టింది. అది ఆదరణకు రుజువే గాని కళకు రుజువు కాదు.

పాత రేడియో:
ఆదరణ సంగతి వదిలేద్దాం, పనితనం చూద్దాం. కచేరీలో గాయకునికి ఆలాపన ఉన్నది, ఒకే పంక్తిని రకరకాలుగా విస్తరించి పాడే నెరవు ఉన్నది, రాగం తన ముఖం చూపడానికి కావలసినంత వ్యవధి ఉన్నది. మూడు నిమిషాల పాటకు ఆ వెసులుబాటు లేదు. మోహన రాగంలో కట్టిన 'లాహిరి లాహిరి లాహిరిలో' వినండి, రాగం పేరు తెలియని వారికి కూడా ఎత్తుగడలోనే ఆ వెన్నెల అందుతుంది. గమకాన్ని (స్వరాన్ని ఊపి పలికించడాన్ని) ఎక్కడ తగ్గిస్తే మాట స్పష్టంగా వినిపిస్తుందో, ఎంత తగ్గిస్తే రాగం చప్పబడిపోతుందో తేల్చుకోవడమే లలిత సంగీతంలో అసలు కష్టం, అది రానివారు కట్టిన పాటలు వారం తిరగకుండానే మరుగున పడ్డాయి. మన సిరిసిల్ల వైపు హనుమాజీపేటలో పుట్టిన కవి సినారె, విశ్వంభర కావ్యం రాయడానికి ఎంతో ముందే, 1964లో 'ఈ నల్లని రాలలో' రాశారు. రామప్ప మండపంలో నిలబడి ఆ పాట తలుచుకున్నవారెవరైనా దానిని కాలక్షేపం అనగలరా? (నేనైతే అక్కడ గొంతెత్తి పాడి కాపలాదారు చేత మాట పడ్డాను.)

డప్పు చప్పుడు:
మా ఇంట్లో తాత నాటి నుంచి డప్పు ఉన్నది. బరాత్ ముందు వాయించే తీన్మార్ కంటే తేలికైన సంగీతం మీ లెక్కలో ఉండదు. అయినా చర్మాన్ని సెగ మీద ఎంతసేపు కాయాలో, కుడిచేతి కర్ర సిర్ర ఎక్కడ పడాలో, ఎడమచేతి సన్నని చిటికెన పుల్ల ఎక్కడ ఆగాలో చేతికి పట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. ఇప్పుడు అదే దెబ్బను ఒక్కసారి రికార్డు చేసి డీజే పెట్టెలో తిప్పి తిప్పి వేస్తున్నారు. పాట తేలికదైనందువల్ల కాదు, చేయి లేకుండా పోయినందువల్ల నాకు అది చప్పగా ఉంటుంది.

స్వరజతి:
ఈ మాటతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరంలో సగం ట్రాక్ మీదనే.

హనుమకొండ శ్రోత:
అయితే మాస్టారితో ఇలా చెబుతాను: ఏ పాటైనా రానివ్వండి, శ్రుతిపెట్టె, తబలా తప్ప వెనక ఏమీ ఉండకూడదు. మిగతా సగం అభ్యంతరం సంగతేమిటి, స్వరజతి గారూ?

స్వరజతి:
అది పిల్లలు పాడిన తర్వాత చెబుతాను. ముందు వరుసలో నాకొక కుర్చీ వేయించండి.